గడియ పడితేనే మాట్లాడుకోవాలా?

పోయిన నెల ఒక ఇత్వారు మధ్యాహ్నం మా ఆపా వాళ్లింటికి రిష్తావాళ్లు వచ్చారు. ఆపా ఉండేది అత్తాపూర్‌లోనే, మాకు నాలుగు గల్లీల అవతల. ఇక్కడ అడ్రస్ చెప్పడమంటే పిల్లర్ నంబరు చెప్పడమే. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే 2009లో వచ్చింది కదా, అప్పటినుంచి దాని పక్కన ఉండే మాకు ఇంటి నంబర్లు మర్చిపోయి స్తంభాల నంబర్లు అలవాటయ్యాయి. పైన శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయే కార్లు, కింద మేము. రిష్తావాళ్లు పిల్లర్ దగ్గర కుడికి తిరగమంటే ఎడమకి తిరిగారు. ఎవరిదో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు దాకా మిఠాయి డబ్బాతో ఎక్కి, సలాం చెప్పి కూర్చోబోయారట. ఆ ఇంటివాళ్లు మంచివాళ్లు, చల్లటి నీళ్లిచ్చి పంపించారు.

ఫోన్లో ఈ సంగతి విని వంటింట్లో ఉన్న మా భాంజీ పకపకా నవ్వింది. "పెళ్లిచూపులు సిన్మా లెక్కనే ఉంది ఖాలా!" అంది.

ఆ రోజుకి ఆ పిల్ల నవ్వు అదే ఆఖరు.

తొమ్మిది మంది ఆడవాళ్లు వచ్చారు. అబ్బాయి కూడా వచ్చాడు గానీ ముందు గదిలో మా బావతో కూర్చున్నాడు. లోపల జనానాలో మా పిల్లని నడిపించి చూశారు. జుట్టు విప్పమన్నారు. ఖురాన్ ఎన్నిసార్లు ఖతం చేసిందని అడిగారు. డిగ్రీలో ఎన్ని మార్కులని అడగలేదు. ఇంట్లోనే కేకులు చేసి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు ఇస్తుందని తెలిసి, వాళ్లలో పెద్దావిడ నవ్వుతూ, "షాదీ అయినాక ఇవన్నీ ఎందుకమ్మా, జెద్దాలో మావాడికి అల్లా ఇచ్చింది చాలు" అంది. ఆ నవ్వులో కోపం లేదు. అందుకే దానికి జవాబు చెప్పడం కష్టం.

మూడో రోజు ముషాతా ఫోన్ చేసింది. పసంద్ అట. జోడే కీ రఖం గురించి మేం ఏమీ అడగం, మీ ఖుషీ అన్నారట. "మీ ఖుషీ" అంటే ఎంతో మన అందరికీ తెలుసు. ఆపా ఇంట్లో అందరి ముఖాలూ వెలిగాయి. రాత్రి పిల్ల మా ఇంటికి వచ్చి నా పక్కన పడుకుని, చీకట్లో మెల్లగా అంది: "ఖాలా, ఆయన గొంతు ఎట్లుంటదో కూడ నాకు తెల్వది."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఇద్దరం కూర్చుని ఆ సినిమా మళ్లీ పెట్టుకుని చూశాం. మొదటిసారి చూసినప్పుడు హాయిగా నవ్వుకున్న సినిమా, ఈసారి ఒకటి రెండు చోట్ల ఆపి ఆలోచించుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత 'పెళ్లిచూపులు' గురించి రాయడం ఏమిటని అడగొద్దు. మన ఇళ్లలో పెళ్లిచూపులు ఇంకా మారలేదు కాబట్టి రాస్తున్నాను.

సినిమా 29 జూలై 2016న వచ్చింది. తరుణ్ భాస్కర్‌కి దర్శకుడిగా అదే మొదటి పూర్తి సినిమా. రాజ్ కందుకూరి, యష్ రంగినేని నిర్మాతలు, వివేక్ సాగర్ సంగీతం. విజయ్ దేవరకొండ ప్రశాంత్‌గా, రీతూ వర్మ చిత్రగా వేశారు. పెద్ద బడ్జెట్ లేదు, ఫైట్లు లేవు. అయినా 64వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో తెలుగులో ఉత్తమ చిత్రంగా ఒకటి, సంభాషణలకు ఇంకొకటి, మొత్తం రెండు అవార్డులు తెచ్చుకుంది. హిందీ, మలయాళం, తమిళం మూడింటిలోనూ మళ్లీ తీశారు. ఒక హైదరాబాదీ ఇంట్లో జరిగిన పెళ్లిచూపుల కథ అన్ని భాషల్లోకి వెళ్లిందంటే, ఆ తంతు దేశమంతా ఒక్కటే కాబట్టి.

కథ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ప్రశాంత్ ఇంజినీరింగ్ ఈడ్చుకుంటూ పూర్తిచేసిన అబ్బాయి. వంటంటే ఇష్టం, ఉద్యోగమంటే కాదు. పెళ్లయితే అయినా దశ తిరుగుతుందేమోనని ఇంట్లోవాళ్ల ఆశ. చిత్రకు సొంతంగా ఏదైనా చేయాలన్న పట్టుదల ఉంది. ఫుడ్ ట్రక్ పెట్టాలనుకుంటే, తోడుంటానన్నవాడు మధ్యలో వదిలేసి వెళ్లాడు. ఇద్దరినీ మాట్లాడుకోమని ఒక గదిలోకి పంపితే తలుపు ఇరుక్కుపోతుంది. బయటివాళ్లు తలుపు తెరిచే లోపు లోపలివాళ్లు తమ ఓటములన్నీ చెప్పేసుకుంటారు. తీరా బయటపడ్డాక తెలిసేది ఏమిటంటే, అబ్బాయివాళ్లు వచ్చింది వేరే ఇంటికి! ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఫుడ్ ట్రక్ నడుపుతారు. మిగతాది మీరు ఊహించేదే. ఇలాంటి సినిమాలో చివరికి ఏమవుతుందో చెబితే రాజ్ బయటపెట్టినట్టు కాదు కదా.

ముందు ఇందులోని మంచి చెబుతాను.

మొదటి మంచి ఆ గదే. మన సినిమాల్లో ప్రేమంటే చాలావరకు వెంటపడటం. అమ్మాయి కాదంటుంది, అబ్బాయి వెంటపడతాడు, అమ్మాయి విసిగి ఔనంటుంది, దానికి ఇష్క్ అని పేరు. ఇక్కడ అదేమీ లేదు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటారు. అబ్బాయి తన గొప్పలు చెప్పుకోడు, తన ఓటములు చెబుతాడు. అమ్మాయి తాను మోసపోయిన సంగతి దాచదు. మన బయోడేటాలు గుర్తు చేసుకోండి. రంగు, ఎత్తు, ఖాందాన్, ప్లాట్లు, వీసా. తప్పిపోయిన పరీక్ష, మునిగిన బేపారం, పగిలిన మనసు ఏ బయోడేటాలోనైనా ఉంటాయా? కానీ నికాహ్ తర్వాత ఇద్దరూ కలిసి మోయాల్సింది వాటినే.

రెండో మంచి, పని. చిత్ర పని సినిమాకి అలంకారం కాదు, కథే దాని మీద నడుస్తుంది. వంట చేసేది అబ్బాయి, బేపారం లెక్క చూసేది అమ్మాయి. దాన్ని ఎగతాళి చేయకుండా చూపించారు. ఇందులో మనకు కొత్తేముంది అనాలి అసలు. హజ్రత్ ఖదీజా (రజి) మక్కాలో పేరున్న వ్యాపారి. ప్రవక్త ముహమ్మద్ (స) ఆమె సరుకు తీసుకుని షామ్ దేశానికి వెళ్లి వచ్చారు. ఆ మనిషి అమానత్‌దారీ చూసి, నఫీసా అనే స్నేహితురాలి ద్వారా రిష్తా కబురు పంపింది ఖదీజానే (రజి). స్త్రీ వ్యాపారం చేయడం, ఆమె దగ్గర పనిచేసిన మనిషి గుణాన్ని ఆ పనిలోనే చూడటం, తానే ముందు కబురు పంపడం, ఈ మూడూ మన సీరత్ పుస్తకాల్లోనే ఉన్నాయి. మీలాద్ జల్సాలో ఇదంతా విని కళ్లనీళ్లు పెట్టుకుంటాం. ఇంటికొచ్చి కోడలి ఓవెన్ అమ్మేయమంటాం.

మూడో మంచి, భాష. ఈ సినిమాలో మాటల్ని తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పించలేదు, షూటింగ్‌లోనే రికార్డు చేశారు. అందుకే గొంతుల్లో తడబాటు ఉంది, మధ్యలో ఆగడం ఉంది, మన ఇళ్లలో మాట్లాడుకున్నట్టే ఉంటుంది. కౌశిక్‌గా వేసిన ప్రియదర్శి తెలంగాణ తెలుగు ఎంత సహజంగా మాట్లాడాడో! అంతకుముందు ఆ యాస ఎక్కువగా గూండాకో పనిమనిషికో ఇచ్చేవాళ్లు. ఇక్కడ దోస్తుకి ఇచ్చారు. నవ్వించడానికే అనుకోండి, కానీ ఆ యాసను చూసి నవ్వం, అతని మాటలకి నవ్వుతాం. ఆ రెండింటికీ చాలా ఫరక్ ఉంది.

నాలుగోది, ఇందులో విలన్ లేడు. తండ్రులు మొండివాళ్లే కానీ చెడ్డవాళ్లు కారు. బిడ్డల గురించి భయపడతారు, ఆ భయాన్ని పెత్తనంగా చూపిస్తారు. మా అబ్బా కూడా అంతే. మా ఆపా కూడా అంతే.

ఇక కమజోరీలు. ఇక్కడే నాకు సినిమాతో పేచీ ఉంది.

అన్నిటికంటే పెద్దది, జరిగిన మంచంతా ఇత్తెఫాక్‌గా జరుగుతుంది. అడ్రస్ తప్పు కాకపోతే వాళ్లు కలిసేవాళ్లు కాదు. తలుపు ఇరుక్కోకపోతే అంతసేపు మాట్లాడుకునేవాళ్లు కాదు. పది నిమిషాల్లో చాయ్ తాగి లేచిపోయేవాళ్లు. అంటే ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు మనసు విప్పి మాట్లాడుకోవాలంటే తలుపు గడియ చెడిపోవాలన్నమాట! కామెడీకి అది బాగుంది. కానీ ఆ పది నిమిషాల రివాజ్ ఏమిటని పెద్దల్ని సినిమా ఎక్కడా నిలదీయదు. గడియ మీద భారం వేసి పెద్దల్ని వదిలేసింది.

రెండోది, పైసలు. పెళ్లితో డబ్బొస్తుంది, దశ తిరుగుతుందన్న ఆశని సినిమా మగపిల్లాడి అమాయకత్వంగా చూపించి నవ్విస్తుంది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. మన షరీఅత్ అయితే ఇంకా సూటిగా ఉంది. మగవాడు మహర్ ఇవ్వాలి, తీసుకోవడమనే మాటే లేదు. కానీ షాదీఖానాలో ఖాజీసాబ్ సియాహాలో మహర్ రాసేది ఎంత, అంతకుముందే ఇంట్లో చేతులు మారిన జోడే కీ రఖం ఎంత? మహర్ చాలాసార్లు కాగితం మీద ఉధార్‌గా ఉండిపోతుంది, రఖం మాత్రం నఖ్ద్. ఒక బాప్ ఎన్నేళ్లు ఆటో తోలితే ఆ రఖం అవుతుందో అత్తాపూర్‌లో, సులేమాన్‌నగర్‌లో, హసన్‌నగర్‌లో ఏ ఇల్లు అడిగినా చెబుతుంది. ఆ సంగతి నవ్వులో కలిసిపోవడం నాకు నచ్చలేదు.

మూడోది, ఆ ఇంకో అమ్మాయి. ప్రశాంత్ వాళ్లు నిజంగా వెళ్లాల్సిన ఇంట్లో ఒక డబ్బున్న పిల్ల ఉంది. వాళ్ల నాన్న ప్రశాంత్‌కి పరీక్ష పెడతాడు, నిన్ను నువ్వు నిరూపించుకో అంటాడు. ఆ మాట కోసమే మనవాడు కష్టపడటం నేర్చుకుంటాడు. నేర్చుకున్నాక మనసు వేరేచోట ఉందని తెలుస్తుంది. సరే, మంచిదే. కానీ ఆ పిల్ల? ఆమె కూడా ముస్తాబై కూర్చున్నదే కదా. ఆమె పేరు కూడా మనకు గుర్తుండదు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఈ ఆలోచనే రాలేదు. ఈసారి మా భాంజీయే అడిగింది: "మరి ఆ పిల్ల సంగతేంది ఖాలా?" రిష్తా తిరిగిపోవడం అంటే ఏమిటో తెలిసిన పిల్ల కాబట్టి అడిగింది. ఇంతకుముందు రెండు తిరిగిపోయాయి, రంగు తక్కువని.

నాలుగోది, మనం. హైదరాబాద్‌లో తీసిన సినిమా, హైదరాబాద్ తిండి మీద నడిచే సినిమా. అయినా గుర్తుండిపోయే ముస్లిం పాత్ర ఒక్కటి నాకు కనిపించలేదు. మామూలు తెలుగు సినిమాల్లో మనల్ని పెడితే అత్తరు పూసి, టోపీ పెట్టి, విరిచిన తెలుగు మాట్లాడిస్తారు. ఆ తౌహీన్ ఈ సినిమా చేయలేదు, షుక్రియా. కానీ అసలు లేకపోవడం కూడా ఒక రకం లోటే. మరోవైపు 'ది అంగ్రేజ్', 'హైదరాబాద్ నవాబ్స్' లాంటి దఖ్నీ కామెడీలు ఉన్నాయి. వాటిలో చార్మినార్ గల్లీల బాతాఖానీ ఉంది. ఊళ్ల నుంచి వచ్చి అత్తాపూర్‌లో అద్దెకుండే, ఇంట్లో సగం ఉర్దూ సగం తెలుగు మాట్లాడే, బతుకమ్మ పండక్కి పక్కింటి సత్తుపిండి తిని రంజాన్‌కి షీర్ ఖుర్మా పంపే మన ఇల్లు వాటిలోనూ లేదు, వీటిలోనూ లేదు. మన పెళ్లిచూపుల మీద నవ్వుకునే సినిమా మనకింకా రాలేదు. ఏడిపించేది మాత్రం ఎప్పుడో వచ్చింది. 1982లో సాగర్ సర్హదీ తీసిన 'బాజార్'. హైదరాబాద్ ముస్లిం పిల్లని పైసల కోసం పరదేశంలో సంపాదించినవాడికి కట్టబెట్టే కథ. స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, ఫారూఖ్ షేఖ్, ఆ పిల్లగా సుప్రియా పాఠక్. ఆ సినిమాలో పిల్ల మనసు ఎక్కడుందో అందరికీ తెలుసు. అడిగేవాళ్లు లేరు, అంతే. చివరికి ఆ పిల్ల ప్రాణం పోతుంది.

'బాజార్' చూసి, అది గరీబుల కథ, మన ఇంట్లో అలా జరగదు అనుకుంటాం. 'పెళ్లిచూపులు' చూసి, అది వాళ్ల కథ, మన రివాజ్ వేరు అనుకుంటాం. రెండు సినిమాల్లోనూ ఉన్న ప్రశ్న ఒకటే. పిల్లని అడిగారా?

అడుగుతాం కదా, ఇజాబ్-ఖుబూల్ ఉంది కదా అంటారు. ఉంది. ఎప్పుడు అడుగుతాం? వకీల్, ఇద్దరు గవాహ్‌లు పర్దా దగ్గరికి వచ్చినప్పుడు. అప్పటికి షాదీఖానాలో ఐదొందల మంది కూర్చుని ఉంటారు. బిర్యానీ దమ్ మీద ఉంటుంది. రఖం చేతులు మారి ఉంటుంది. బాప్ అప్పు చేసి ఉంటాడు. ఆ ఘడియలో "నాకు ఖుబూల్ లేదు" అనగలిగే పిల్ల ఎక్కడుంది? అది రజామందీ అడగడం కాదు, దస్తఖత్ పెట్టించుకోవడం.

కన్నెపిల్ల మౌనమే అంగీకారం అని హదీస్ ఉంది కదా అంటారు ఇంకొందరు. ఉంది. కానీ ఆ హదీస్ మొదలయ్యేదే ఆమె అనుమతి తీసుకోండి అనే మాటతో. సిగ్గుతో వచ్చే మౌనం వేరు, భయంతో వచ్చే మౌనం వేరు. కన్న తల్లికి ఆ రెండింటి మధ్య తేడా తెలియదా? బుఖారీ షరీఫ్‌లో హజ్రత్ ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి) సంగతి ఉంది. అంతకుముందే ఒకసారి పెళ్లయిన ఆమెకు ఇష్టం లేకుండా తండ్రి నికాహ్ చేస్తే, ఆమె నేరుగా ప్రవక్త (స) దగ్గరికి వెళ్లి చెప్పుకుంది. ఆయన ఆ నికాహ్‌ని రద్దు చేశారు. తండ్రి ఇజ్జత్ ఏమవుతుందని ఆమెని వెనక్కి పంపలేదు.

ఇక చూసుకోవడం సంగతి. ఒక సహాబీ, ముగీరా బిన్ షోబా (రజి), పెళ్లి కబురు పంపినప్పుడు, ఆమెని చూశావా అని ప్రవక్త (స) అడిగారు. లేదంటే, వెళ్లి చూడు, మీ మధ్య ముహబ్బత్ నిలవడానికి అది మంచిది అన్నారు. ఇది తిర్మిజీలో ఉంది. చూడమన్నది చేసుకోబోయే మనిషిని. వాళ్ల తొమ్మిది మంది ఆడవాళ్లని కాదు.

ఇక్కడ మీలో కొందరు కీబోర్డు దగ్గరికి లాక్కుంటున్నారని నాకు తెలుసు. "అయితే నా-మహ్రమ్ పిల్లాపిల్లల్ని గదిలో పెట్టి గడియ వేయమంటావా?" అని. లేదు. ఖల్వత్ మన దీన్‌లో లేదు, నేను అడగడమూ లేదు. ఈ విషయంలో సినిమా కంటే మన షరీఅత్ దారే మెరుగు అంటాను. తలుపు తెరిచే ఉంచండి. పిల్ల అన్నో మామూనో కనిపించేంత దూరంలో కూర్చోండి, వినిపించేంత దగ్గరగా మాత్రం వద్దు. ఒక అరగంట. రెండుసార్లయితే ఇంకా మంచిది. సినిమాలో తలుపు మూసుకుంటే గానీ మాటలు రాలేదు. మనకు తలుపు తీసి ఉంచి మాట్లాడించే దారి చూపించారు. ఆ దారి వదిలేసి, మనం ఇద్దరినీ వేర్వేరు గదుల్లో పెట్టి మధ్యలో గోడ కట్టాం. దానికి హయా అని పేరు పెట్టాం.

నా సంగతి చెప్పమంటారా? మాది అద్దంలో చూసుకున్న పెళ్లి. నికాహ్ అయ్యాక జల్వాలో ఎర్ర దుపట్టా కింద అద్దం పెట్టి మొహం చూపించారు. అందరూ నవ్వుతున్నారు, ఢోలక్ మోగుతోంది. నాకు అద్దంలో ఒక మీసం, కొంచెం చెమట కనిపించాయి. ఇతనితో ఎలా బతకాలో అనుకున్నా. అల్‌హందులిల్లాహ్, మంచి మనిషే దొరికాడు. కానీ నా క్లాసులో చదివిన ఒకామెకి అదే అద్దంలో కనిపించిన మనిషి నాలుగేళ్లు నరకం చూపించాడు. ఇద్దరి రివాజ్ ఒకటే, నసీబ్ వేరు. నాకు బాగా జరిగింది కాబట్టి రివాజ్ మంచిదని చెబితే, ఆమెకి నేనేం సమాధానం చెప్పాలి?

సినిమా చూసిన రెండు రోజులకు నేనే ముషాతాకి ఫోన్ చేశాను. ఖుర్ఆన్, హదీస్ ఏదీ చెప్పలేదు, సాదాగా అడిగాను. అబ్బాయి జెద్దా వెళ్లేలోపు ఒకసారి ఇంటికి రమ్మనండి, ఇద్దరూ మా అందరి ఎదుట అరగంట మాట్లాడుకోనివ్వండి, కేకుల పని సంగతి కూడా వాళ్లే తేల్చుకోనివ్వండి అన్నాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. "మా ఖాందాన్‌లో ఆ రివాజ్ లేదు. పిల్ల ఇప్పుడే ఇన్ని షరతులు పెడితే రేపు ఎట్లా?" షరతు పెట్టింది పిల్ల కాదు, నేను. అయినా పేరు పిల్లకే పడింది. రిష్తా అక్కడితో పోయింది.

ఆపా నాతో వారం రోజులు మాట్లాడలేదు. "నీ సినిమా పిచ్చితో నా బిడ్డ షాదీ చెడగొట్టావు" అని అమ్మీకి చెప్పుకుని ఏడ్చింది. ఆపా బాధ అబద్ధం కాదు. పిల్లకి ఇరవై అయిదు వస్తున్నాయి, వెనక ఇంకో పిల్ల ఉంది, బావకి బీపీ. రాత్రిళ్లు నేనూ పడుకోలేదు. నేను చేసింది సరైందేనా అని నన్ను నేనే ఎన్నిసార్లో అడుక్కున్నాను. ఆ అబ్బాయి మంచివాడే అయ్యుండొచ్చు. అతనికైనా మా పిల్ల గొంతు వినాలని ఉందేమో, అతన్నీ ఎవరూ అడిగి ఉండరు. ఈ రివాజ్‌లో నోరు లేనిది ఆడపిల్లకి ఒక్కదానికే కాదు. కానీ అరగంట మాట్లాడితే చెడిపోయే రిష్తా, ముప్పై ఏళ్ల సంసారాన్ని ఎలా మోస్తుందో మాత్రం నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ నా రాయ్ అదే.

అందుకే నా మాట ఇది. 'పెళ్లిచూపులు' ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ సినిమా. రెండో సగం కొంచెం సాగుతుంది, చివర కొంచెం తొందరపడుతుంది, పెద్దల్ని తేలిగ్గా వదిలేస్తుంది. అయినా చూడండి. ముఖ్యంగా కొడుకులకి రిష్తాలు వెతికే అమ్మలు చూడాలి. చూశాక మూడు సంగతులు చేయండి చాలు. చూడటానికి పోయేటప్పుడు తొమ్మిది మంది పోకండి, ముగ్గురు చాలు. పిల్ల ఏం వండుతుందో అడిగినట్టే, ఏం చేయాలనుకుంటుందో కూడా అడగండి. పసంద్ అని కబురు పంపేముందు, తలుపు తెరిచి ఉంచి, ఇద్దర్నీ అరగంట మాట్లాడుకోనివ్వండి. దీనికి పైసా ఖర్చు లేదు. షరీఅత్‌లో మనాయీ లేదు. గడియ చెడిపోవాల్సిన అవసరం అంతకన్నా లేదు.

పోయిన జుమ్మా నాడు ఆపా వాళ్లింట్లోనే ఉన్నాను. ముషాతా ఇంకో రిష్తా గురించి ఫోన్ చేసింది. మెహదీపట్నం అబ్బాయి, ఏదో కంపెనీలో లెక్కలు చూస్తాడట. వంటింట్లో మా భాంజీ ఎవరిదో బర్త్‌డే కేకు మీద క్రీమ్ పూస్తోంది. చెయ్యి ఆగింది గానీ తల ఎత్తలేదు. ఆపా ఫోన్లో చాలాసేపు ఊఁ, ఊఁ అని, చివర్లో అంది: "పిల్లగాడు, పిల్ల ఒకసారి మాట్లాడుకుంటమంటెనే రమ్మనమ్మా. అడ్రస్ మల్ల చెప్తా, పిల్లర్‌కి కుడిపక్క."

ఆ మాట అంటున్నప్పుడు నాకేసి మాత్రం చూడలేదు.